నిష్ మార్కెట్ వెతుక్కుందాం – 3వ పాఠం: "హోంమేడ్" అంటే నిష్ కాదండీ

పోయిన పాఠంలో మీ కస్టమర్ ఎవరో ఒక్క లైన్లో రాయమన్నాను కదా, వచ్చిన జవాబులు చూశాక ఈసారి చెప్దామనుకున్న రేట్ల సంగతి పక్కన పెట్టేశా, ముందు ఇది తేలాలి. ఎక్కువమంది పచ్చళ్లు, పొడుల వాళ్లే. దాదాపు అందరూ రాసింది ఒకటే, "హోంమేడ్, కెమికల్స్ లేని, అమ్మ చేతి రుచి కోరుకునేవాళ్లు" అని. అది వద్దనేవాళ్లు ఎవరుంటారు?

మీరు రాసింది మీ పచ్చడి గురించి, కొనేవాళ్ల గురించి కాదు. పక్క వీధిలో ఆవిడ కూడా అదే లేబుల్ వేస్తుంది, ఇక మిగిలేది రేటు తగ్గించుకోవడమే. నిష్ అంటే ఒకే ఇబ్బంది ఉన్న కొంతమంది, వాళ్లెక్కడ దొరుకుతారో మీకు తెలియాలి, అది తీరుస్తానంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వాలి.

ఆవకాయే తీసుకోండి. ఆగస్టులో అమెరికా చదువుకెళ్లే పిల్లల తల్లిదండ్రులకి భయం రుచి గురించి కాదు, సూట్‌కేసులో నూనె కారి బట్టలన్నీ పాడవుతాయని. క్యాబిన్ బ్యాగులో 100 ఎంఎల్ దాటితే పెట్టనివ్వరు, చెకిన్ బ్యాగేమో మామూలుగా 23 కేజీలే, గాజు సీసా బరువు కూడా అందులోనే లెక్క. కాబట్టి చెకిన్ బ్యాగులో పెట్టుకునేలా పావు కేజీ పౌచ్‌లు, ఒకదాని మీద ఇంకోటి వేసి రెండుసార్లు సీల్, పైన ఏమేం వేశారో ఇంగ్లీషులో ప్రింట్. చికెన్ పచ్చడి కూడా అడుగుతారు, ఇవ్వకండి, అక్కడికి మాంసం పట్టుకెళ్లనివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తారు. ఫుడ్ ఉందని కస్టమ్స్‌లో డిక్లేర్ చేయమని కూడా మీరే చెప్పండి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల దగ్గర జూన్, జులైల్లో వీళ్లు బోలెడుమంది దొరుకుతారు. ఇందులో మీ ఆవకాయ కొలతలు ఒక్క గ్రాము కూడా మారలేదు చూడండి!

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకి 41 రోజులూ ఉల్లి, వెల్లుల్లి లేని పొడులు, అదింకోటి. నాకైతే ఇలా సీజన్ ఉన్నవే ఇష్టం, సరుకు ఎప్పుడు కొనాలో ముందే తెలుస్తుంది. టైలరింగ్ వాళ్లు "లేడీస్ డ్రెస్సులు" కొట్టేసి "పాలిచ్చే తల్లులకి ముందు జిప్ పెట్టిన కుర్తీలు" అని రాసుకోండి.

మిగతా కస్టమర్లు పోతారేమో అని చాలామంది అడిగారు. షాపుకొచ్చినవాళ్లకి అమ్మొద్దని ఎవరన్నారు? బోర్డు, వాట్సాప్ స్టేటస్, పాంప్లెట్ మాత్రం ఆ ఒక్క గుంపుతోనే మాట్లాడాలి.

ఇక హోంవర్క్, ఈసారి కష్టమే. ఒక గుంపు ఎంచుకుని అందులో 10 మందితో నేరుగా మాట్లాడండి, చుట్టాలు లెక్కలోకి రారు. "నేను చేస్తే కొంటారా" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అందరూ "అయ్యో తప్పకుండా" అనేస్తారు. పోయినసారి ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, ఎక్కడ చిరాకొచ్చింది, ఈ మూడే అడిగి వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోండి. 10 మందీ తలా ఒకటి చెప్తే గుంపు మార్చి ఇంకో 10 మందిని పట్టుకోండి. ఆ కాగితం చేతిలో లేకుండా 4వ పాఠం మొదలెట్టకండి, రేటు లెక్క వేసేది దాంట్లోంచే.