లెక్క తెగకపోతే చెనక్కాయలు తీసుకోండి

ఏదైనా తెగని విషయం ఉంటే తల పట్టుకొని మంచం మీద కూర్చుంటాం కదా, ముందు అది మానండి. అనంతపురంలో రూమ్ తీసుకొని పోటీ పరీక్షలకు చదివిన మూడేళ్లూ నేను చేసింది అదే.

పోయిన దసరాకు ఊరికి పోతే అప్పు లెక్క ముందుకొచ్చింది. 15,000, నూటికి 2 రూపాయల వడ్డీ. ఎప్పుడు తెచ్చామో అవ్వకు ఎంతకీ గుర్తు రాలేదు. "కసాపురం పోయొచ్చిన మరుసటి దినమే కదత్తా" అని చిన్నమ్మ వంటింట్లో నుంచి అనగానే "ఔ, ఉగాది దినం" అంది. నేను ఫోన్ తీసి, చైత్రం నుంచి ఆశ్వయుజం దాకా 7 నెలలు, 2,100 అని చెప్పేశాను. అవ్వ బొటనవేలితో కణుపులు లెక్కబెట్టుకుంటూ పోయింది. వేలికి మూడు, రెండు వేళ్లు నిండితే ఆరు నెలలు, మూడో వేలి మొదటి కణుపు మీద ఆగి "ఈ నెల పది దినాలే" అంది. తర్వాత వెయ్యికి ఒక చెనక్కాయ, ఐదేసి చొప్పున మూడు వరసలు పేర్చింది. వెయ్యికి నెలకు 20 అంటే వరసకు 100. నెలకు మూడు వరసలు, పది దినాలకు ఒక వరస. మొత్తం 1,900. నా ఫోన్ తప్పు చేయలేదు, దానికి నెలలు తప్పు చెప్పింది నేను.

కాబట్టి సమస్యను ముందు చేతికివ్వండి. టైమ్‌టేబుల్ కుదరకపోతే సబ్జెక్టులు చీటీల మీద రాసి నేల మీద అటూ ఇటూ జరపండి. పైనుంచి పడే ముక్కలను తిప్పి పేర్చే వీడియో గేమ్ టెట్రిస్ ఆడేవాళ్ల మీద 1994లో వచ్చిన పరిశోధన కూడా ఇదే చెబుతుంది: ముక్కను మనసులో తిప్పుకోవడం కన్నా బటన్ నొక్కి తెర మీద తిప్పి చూడడమే త్వరగా అవుతుందట.

వ్యాసానికి పాయింట్లు తట్టకపోతే లేచి నడవండి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2014లో చేసిన ప్రయోగాల్లో, ఖాళీ గోడకెదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్లకు కూడా కూర్చున్నప్పటి కంటే ఎక్కువ ఐడియాలు వచ్చాయి. ఒకే జవాబు ఉండే ప్రశ్నలకు మాత్రం నడక పనికిరాలేదు, అందుకే వడ్డీ లెక్కలు కూర్చునే చేయండి. నేను ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయేవాణ్ణి, ఎండాకాలమైతే ఏడు లోపలే, ఆ తర్వాత మన ఊరి ఎండలో ఐడియా కాదు, కళ్లు తిరుగుతాయి.

ఇంకా తెగకపోతే ఎవరికైనా పైకి చెప్పండి, కానీ మనిషిని చూసి. నా రూమ్మేట్ ఫోన్ చూస్తూ ఊఁ కొట్టేవాడు, వాడికి చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే. "అదెట్లా?" అని మధ్యలో అడ్డం పడేవాళ్లు కావాలి, సబ్జెక్టు రాకపోయినా పర్వాలేదు. చిన్నమ్మకు వడ్డీ లెక్క రాదు, తేదీ మాత్రం ఆమె దగ్గరే ఉంది.

చెనక్కాయలు వేయించినవి మాత్రం వద్దు. నేను పెట్టుకుంటే లెక్క సగంలోనే మూడు వేలు తగ్గింది.