ఊరు చూసే విద్య, 3వ పాఠం: తిరుగు రైలు నుంచి వెనక్కి లెక్క

పోయిన పాఠం చివర మీకో పని ఇచ్చాను, గుర్తుందా? మీ చివరి మూడు ఆఫీసు ప్రయాణాలు కాగితం మీద రాసి, ఆ ఊళ్లో మీటింగ్ కాకుండా ఇంకేం చూశారో ఎదురుగా రాయమన్నాను. నేనూ రాశాను. రెండింటికి ఎదురుగా "ఏమీ లేదు", మూడోదానికి ఎదురుగా "స్టేషన్ బయట టీ కొట్టు". సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే మూడు ఊళ్లలోనూ నాకు నాలుగైదు గంటలు ఖాళీ దొరికింది. ఆ గంటలన్నీ వెయిటింగ్ హాల్లో, చార్జింగ్ పాయింట్ పక్క కుర్చీ ఎవరు లేస్తారా అని చూస్తూ గడిపేశాను.

టైం లేక కాదు. సంచి వల్ల. పన్నెండింటికల్లా రూం ఖాళీ చేయించారు, చేతిలో చక్రాల సూట్‌కేసు, భుజాన లాప్‌టాప్, వాటిని ఈడ్చుకుంటూ ఏ గుడికి పోతాం, ఏ మ్యూజియం మెట్లెక్కుతాం? సంచి ఎక్కడుంటే మనమూ అక్కడే. అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే: హోటల్ ఎక్కడ తీసుకోవాలి, ఎన్ని గంటలకి దిగాలి అన్నది తిరుగు రైలు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ తేల్చుకోవడం. మామూలుగా మనం చేసేది దీనికి తలకిందులు, ఆఫీసుకి దగ్గరగా రూం వెతుక్కుంటాం, పని అయ్యాక "ఇప్పుడేం చేద్దాం" అనుకుంటాం.

ఉదాహరణకి చెన్నై తీసుకుందాం. మనవాళ్లు పనుల మీద ఎక్కువగా పోయే ఊరు, ఇంట్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ మద్రాసే. లెక్క కోసం ఇలా అనుకోండి: బుధవారం పొద్దున్నే 6 గంటలకి రాత్రి రైల్లో సెంట్రల్‌లో దిగుతారు. బుధవారం పదింటి నుంచి అయిదింటి దాకా గిండీలో పని, గురువారం పది నుంచి ఒంటిగంట దాకా అక్కడే ఇంకో మీటింగ్. గురువారం రాత్రి పదింటికి తిరుగు రైలు.

మొదట టికెట్ తీసి స్టేషన్ కోడ్ చూడండి. నవ్వకండి, చూడండి. ఎంఏఎస్ అంటే సెంట్రల్, ఎంఎస్ అంటే చెన్నైలోనే ఉన్న ఇంకో పెద్ద స్టేషన్ ఎగ్మోర్. ఒక్క అక్షరం తేడా. విజయవాడ వైపు పోయే రైళ్లు ఎక్కువగా సెంట్రల్ నుంచే గానీ అన్నీ కాదు, చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు తాంబరంలో బయల్దేరి ఎగ్మోర్ మీదుగా హైదరాబాద్ వెళ్తుంది. పాత అలవాటుతో సెంట్రల్‌కి పోయి నిలబడితే రైలు మీ కోసం అటు తిరిగి రాదు కదా. ఇంకోటి, సెంట్రల్‌కి 2019లో ఎం.జి. రామచంద్రన్ పేరు పెట్టారు, బోర్డు మీద అంత పొడుగు పేరు చూసి వేరే స్టేషన్ అనుకుని కంగారు పడకండి.

మనం అనుకున్న రైలు సెంట్రల్ నుంచి, రాత్రి పదింటికి. ఇక వెనక్కి రండి. తొమ్మిదిన్నరకి ప్లాట్‌ఫారం మీద ఉండాలి. ఎనిమిదింటికి భోజనం. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా మెరీనా. అంతకు ముందు ఒక స్నానం, ఎందుకంటే చెన్నై చెమటలో రోజంతా తిరిగి అదే చొక్కాతో బెర్తు ఎక్కితే పక్క బెర్తు వాళ్ల ముందు మీకే మొహం చెల్లదు. ఇంకొంచెం వెనక్కి వస్తే రెండున్నర నుంచి అయిదు దాకా ఖాళీ, అదీ మన అసలు సొత్తు. అంటే గురువారం సాయంత్రం ఆరింటి దాకా మీ చేతిలో రూం ఉండాలి. ఏ హోటల్ ఇస్తుంది?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. చెక్ అవుట్ పద్ధతులు రెండు రకాలు. పెద్ద హోటళ్లలో గడియారం వాళ్లది: మధ్యాహ్నం పన్నెండుకో, పదకొండుకో ఖాళీ చేయాలి, కొత్తవాళ్లని పన్నెండు తర్వాతో రెండు తర్వాతో దింపుతారు. మీరు పొద్దున ఆరింటికి పోయి నిలబడితే "ఎర్లీ చెక్ ఇన్" అని సగం రోజు డబ్బులో, ఒక్కోచోట పూర్తి రోజు డబ్బులో అడుగుతారు. రెండో రకం, ఎగ్మోర్ చుట్టుపక్కల లాడ్జిల్లో తరచుగా కనిపించే 24 గంటల చెక్ అవుట్. ఇక్కడ గడియారం మీది, మీరు దిగిన క్షణం నుంచి 24 గంటలు.

చాలామంది రైలు దిగగానే నిద్రమొహంతో ఆ 24 గంటల లాడ్జికే పోయి ఆరింటికి దిగుతారు. అంటే గురువారం పొద్దున ఆరింటికి ఖాళీ చేయాలి. పోయింది! మనకి కావాల్సిన సాయంత్రం మొత్తం చేతులారా పోగొట్టుకున్నట్టే. అలా కాకుండా, బుధవారం పొద్దున స్టేషన్‌లోనే స్నానం కానిచ్చి బట్టలు మార్చుకుని, సంచి క్లోక్ రూంలో పెట్టి గిండీ వెళ్లిపోండి. సాయంత్రం పని అయ్యాక సంచి తీసుకుని ఆరింటికి లాడ్జిలో దిగండి. గురువారం సాయంత్రం ఆరు దాకా రూం మీదే. అదే అద్దె, ఒక్క రూపాయి ఎక్కువ లేదు. (క్లోక్ రూంలో పెట్టే సంచికి తాళం ఉండాలి, టికెట్ కూడా చూపించాలి. రెండో పాఠంలో చిన్న తాళం కొనమన్నది ఇందుకే.)

ఫోన్ చేసి అడిగేటప్పుడు "చెక్ అవుట్ ఎప్పుడు?" అని అడక్కండి, ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తారు. "నేను బుధవారం సాయంత్రం ఆరుకి వస్తాను, గురువారం సాయంత్రం ఆరుకి ఖాళీ చేస్తాను, ఎన్ని రోజుల అద్దె?" అని సూటిగా అడగండి. "ఒక రోజు" అన్న మాట వాళ్ల నోటి నుంచే రావాలి.

దిగాక రిజిస్టర్‌లో వాళ్లు ఏ టైం రాశారో మీ కళ్లతో చూసుకోండి. ఒకసారి ఒక లాడ్జిలో నేను తాళం అందుకున్నది ఆరుంపావుకి. జిరాక్సు కోసం నా కార్డు తీసుకున్న కుర్రాడు, నేను లోపలికి అడుగుపెట్టిన 5:40 రాసి పెట్టాడు. మర్నాడు ఆరింటికి హాయిగా సంచి సర్దుకుని దిగితే "సార్, ఇరవై నిమిషాలు దాటింది, రెండో రోజు పడుతుంది" అన్నారు. అరగంట వాదించాను, తల ప్రాణం తోకకొచ్చింది, చివరికి సగం అద్దె కట్టి బయటపడ్డాను. అప్పట్నుంచీ సంతకం పెట్టే ముందు ఆ గడి చూసి, పక్కనే ఫోన్‌లో టైం చూసుకోవడం అలవాటైపోయింది.

జిరాక్సు అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, ఆధార్ వెబ్‌సైట్‌లోనే డౌన్‌లోడ్ అవుతుంది. డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే అదీ సరే.

బిల్లు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఆఫీసు వాళ్లకి పనికొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న రూంకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు ఎస్‌జీఎస్టీ, దాంతో పాటు కేంద్రపు సీజీఎస్టీ పడతాయి. కాబట్టి తమిళనాడులో రిజిస్ట్రేషన్ లేని విజయవాడ కంపెనీకి చెన్నై రూం బిల్లు మీద కట్టిన జీఎస్టీ క్రెడిట్ రూపంలో వెనక్కి రాదు. అయినా కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు దిగేటప్పుడే ఇచ్చేయండి, వెళ్లేటప్పుడు అడిగితే "బిల్లు కొట్టేశాం సార్" అంటారు, మీ అకౌంట్స్ వాళ్లేమో మీ సొంత పేరుతో ఉన్న బిల్లు చూసి మొహం చిట్లిస్తారు.

ఇప్పుడు అసలు సొత్తు, గురువారం రెండున్నర నుంచి అయిదు. ఎగ్మోర్‌లోనే రూం ఎందుకు అన్నదానికి జవాబు కూడా ఇదే. సెంట్రల్ నుంచి మెట్రోలో పక్క స్టేషనే ఎగ్మోర్, గిండీ నుంచి బ్లూ లైన్‌లో సెంట్రల్ వచ్చి గ్రీన్ లైన్‌కి మారితే సరి. అక్కడ పాంథియన్ రోడ్డులో ప్రభుత్వ మ్యూజియం ఉంది, 1851లో మొదలైంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి అయిదు దాకా. శుక్రవారం సెలవు. నేను మొదటిసారి వెళ్లింది శుక్రవారమే, గేటు బయట నిలబడి చెట్లు చూసి వచ్చాను. ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లో మ్యూజియం చూద్దాంలే అని అక్కడికి పోతే దానికీ శుక్రవారమే సెలవు. సోమవారం సెలవు అని మనకి ఎక్కడో మనసులో పడిపోయి ఉంటుంది, ఈ రెండింటికీ అది పనిచేయదు. ఊరు ఖాయం కాగానే మొట్టమొదట వారపు సెలవు చూసుకోండి, కుదిరితే మీటింగ్ తేదీనే ఒక రోజు అటూ ఇటూ జరపండి.

రెండున్నర గంటల్లో మ్యూజియం అంతా చూడాలని పరిగెత్తకండి. రెండు చోట్లు చాలు. ఒకటి అమరావతి బౌద్ధ శిల్పాల గది. తెలుగువాడు చెన్నై వెళ్లి ఇది చూడకుండా వస్తే నాకు చిన్న కోపం. మన పల్నాటి సున్నపురాయి, కాస్త ఆకుపచ్చ కలిసిన తెలుపు. 1845లో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం తవ్వించి రాళ్లు మద్రాసు పంపించాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ పోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెన్నైలో ఉన్నవి కూడా తక్కువేం కాదు.

అందులో గుండ్రటి ఫలకం ఒకటి వెతకండి, నలగిరి అనే మదపుటేనుగుది. ముందు ఎడమ వైపు చూడండి: ఏనుగు వీధిలోకి దూసుకొచ్చి మనుషుల్ని తొక్కేస్తోంది, జనం చెల్లాచెదురవుతున్నారు. భయంతో వెనక్కి ఒరిగిపోయిన ఒకావిడ కనిపిస్తుంది, మేడ మీది కిటికీల్లోంచి తొంగి చూస్తున్నవాళ్లు కనిపిస్తారు. ఇప్పుడు కుడి వైపు: అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. ఒకే రాయిలో ఒకే ఏనుగు రెండుసార్లు, రెండు క్షణాలు. దీని ముందు పది నిమిషాలు నిలబడండి, ఫోన్ జేబులో పెట్టి. రెండోది కంచు విగ్రహాల భవనం, అక్కడ తిరువాలంగాడు నటరాజు ఉంటాడు. చుట్టూ తిరిగి వెనక నుంచి కూడా చూడండి.

అయిదింటికి గేటు మూస్తారు. రూంకి వచ్చి స్నానం, సర్దుడు, అయిదూ యాభైకి డబ్బు కట్టి బయటికి. సంచిని సెంట్రల్ క్లోక్ రూంలో పడేసి ఆటోలో మెరీనా. అక్కడ సముద్రం తూర్పున ఉంటుంది, సూర్యాస్తమయం నీళ్లలో కనిపిస్తుందని వెళ్లేవాళ్లకి (విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు) నిరాశే. సాయంత్రం మెరీనాకి పోయేది గాలికీ, వేడి మిరపకాయ బజ్జీకీ, మామిడి ముక్కలు కలిపిన గుగ్గిళ్లు, అంటే సుండల్‌కీ. నీళ్లలో మాత్రం దిగకండి, అలలు లోపలికి లాగేస్తాయి.

ఆటో కోసం నాలుగు తమిళ ముక్కలు: "ఎవ్వళవు?" అంటే ఎంత, "ఎంగే?" అంటే ఎక్కడ, "ఇంగే నిరుత్తుంగ" అంటే ఇక్కడ ఆపండి, "వేండాం" అంటే వద్దు. ఎక్కువగా వాడేది చివరిదే. ఎక్కడైనా ఇరుక్కుపోతే తెలుగులోనే మాట్లాడి చూడండి, ఆ ఊళ్లో తెలుగు తెలిసినవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువ.

కుటుంబంతో సరదాగా వెళ్లేవాళ్లకి ఈ లెక్క మొత్తం ఇలాగే వర్తించదు. పిల్లలతో స్టేషన్‌లో స్నానాలు, క్లోక్ రూంలు పెట్టుకుంటే తగువులే మిగులుతాయి. వాళ్లకి మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేయించే హోటలే మేలు, కాకపోతే మధ్యాహ్నానికి చేరే రైలు చూసుకోండి, అప్పుడు ఎర్లీ చెక్ ఇన్ గొడవ ఉండదు. చివరి రోజు ఖాళీ చేశాక సంచులు రిసెప్షన్‌లో ఉంచుతామంటే చాలా హోటళ్లు ఊరికే ఉంచుకుంటాయి, అడగడానికి మొహమాటపడేది మనమే. మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసి మళ్లీ నాలుగింటికి తెరుస్తారు, కాబట్టి ఎండ వేళ అటు పోకండి, ఆ వేళ పిల్లల్ని పడుకోబెట్టండి. గుడికి వెళ్లినప్పుడు రాయపేట హై రోడ్డు వైపు కూడా వెళ్లండి, పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లు అక్కడే, ఇప్పుడు స్మారక భవనం. టి.నగర్‌లో చీరల బేరంతో కాళ్లు పీకినప్పుడు కూర్చోవడానికి పానగల్ పార్కు ఉంది, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి 1921 నుంచి 1926 దాకా ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) చేసిన మన పానగల్లు రాజా పేరే అది.

ఈ వారం పని: మీరు ఈసారి వెళ్లబోయే ఊరు ఏదైనా సరే, కాగితం అడుగున తిరుగు రైలు టైం, స్టేషన్ కోడ్ రాయండి. అక్కడి నుంచి ఒక్కో గంటా పైకి రాసుకుంటూ రండి, మధ్యలో సంచి ఎక్కడుందో ప్రతి వరుసలోనూ రాయాలి. "చేతిలో" అని రెండు వరుసల్లో కంటే ఎక్కువ వస్తే హోటల్ మార్చండి. తర్వాత రెండు హోటళ్లకి ఫోన్ చేసి, పైన చెప్పిన ప్రశ్న ఉన్నదున్నట్టు అడిగి, వాళ్లిచ్చిన జవాబు పక్కన రాసిపెట్టుకోండి. నాలుగో పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం, అందులో విమానం వాళ్ల సంగతి, ఆదివారం మీటింగ్ పెట్టే బాసుల సంగతి.