మియాటా స్ప్రింగులు మార్చుకోవడం ఇంట్లోనే

గుంత దాటాక కారు రెండు మూడుసార్లు ఊగితే అది స్ప్రింగు తప్పు కాదు, షాకబ్జర్ పోయింది. స్ప్రింగు అలసిపోతే కారు కూర్చుండిపోతుంది. చదునైన నేల మీద నిలిపి, ప్రతి చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. తేడా కనిపించిన చోట స్ప్రింగు కింది చుట్టు చూడండి. నాది అమెరికాలోని ఓహాయోలో తిరిగే 1992 మియాటా, మాజ్దా వాళ్ల రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. ఇక్కడ చలికాలంలో రోడ్లకు ఉప్పు చల్లుతారు, అదంతా పోయి ఆ చుట్టు దగ్గరే పేరుకుంటుంది. తుప్పు పట్టిన స్ప్రింగు విరిగేది ఎక్కువగా అక్కడే.

ఒక్క స్ప్రింగే మార్చి డబ్బు మిగుల్చుకుందామనుకోకండి. ముందువైపు రెండూ కలిపి, లేదా వెనకవైపు రెండూ కలిపి మార్చాలి. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాప్ రబ్బర్లు పొడిపొడిగా రాలుతుంటే అవీ కొనేయండి, పెద్ద ఖరీదు కాదు.

ముందు రోజు రాత్రే నట్లన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపాకే పని మొదలుపెట్టాలి. జాకీని నమ్మి కారు కింద దూరొద్దు. ముందువైపయితే యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు రెండు పక్కలా విప్పండి. తర్వాత, స్ప్రింగు చుట్టూ ఉన్న షాకబ్జర్ కింది బోల్టు, బానెట్ కింద పైనున్న రెండు నట్లు. పై ఆర్మ్‌లోని (చక్రాన్ని కారుకు కలిపే పై చేతిలోని) పొడవాటి బోల్టు లాగేస్తే షాకబ్జర్ బయటికి రావడానికి చోటు దొరుకుతుంది. చక్రం బిగించే ఆ హబ్ బరువంతా బ్రేకు గొట్టం మీద వేలాడకుండా తీగతో కట్టండి. వెనకవాటి పై నట్లు డిక్కీలోంచి అందుతాయి. ఈ కారుకు బ్యాటరీ కూడా అక్కడే, స్పానర్ దానికి తగలకుండా చూసుకోండి.

ఇక స్ప్రింగు కంప్రెసర్, అంటే స్ప్రింగును కొక్కేలతో నొక్కి పట్టే పనిముట్టు. ఈ పనిలో ప్రాణం మీదికి వచ్చేది ఇదొక్కటే. విప్పకముందే పై మౌంట్ (స్ప్రింగు మీది పట్టు) ఏ దిక్కుకు ఉందో మార్కర్‌తో గీత గీసుకోండి. రెండు కొక్కేల సెట్లూ ఎదురెదురుగా, వీలైనన్ని చుట్లు పట్టేలా తగిలించి, ఇటు కొంచెం అటు కొంచెం చేత్తోనే బిగించండి. ఇంపాక్ట్ గన్ (నట్లు బిగించే మోటారు) వద్దు. స్ప్రింగు తన సీటులో వదులై చేత్తో కదిలే దాకా పై నట్టు ముట్టుకోవద్దు. ముట్టుకునేటప్పుడు కూడా మొహం దానికి సూటిగా పెట్టకండి. అద్దెకు దొరికే కంప్రెసర్ మరలు అరిగి ఉంటే తిరిగి ఇచ్చేయండి, మొహమాటం అక్కర్లేదు.

కొత్తది ఎక్కించేటప్పుడు స్ప్రింగు కొస కింది సీటులోని మెట్టుకు ఆనాలి.

ఆర్మ్ బోల్టులు మాత్రం చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగించొద్దు. కారును ర్యాంపుల మీదికి ఎక్కించి, దాని బరువు దాని మీదే పడ్డాక బిగించండి. లేకపోతే ఆ బోల్టు చుట్టూ ఉండే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చీలుతుంది. వీల్ నట్లు 100 న్యూటన్ మీటర్ల దరిదాపు చాలు. చక్రాల అలైన్‌మెంట్‌కు మర్నాడే పరుగెత్తకండి, కొన్నాళ్లు నడిపి స్ప్రింగులు సర్దుకున్నాక చేయిస్తే ఒకే ఖర్చుతో పోతుంది.