లింక్డ్‌ఇన్‌లో ఫొటో పెట్టే ముందు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లలు ఇవి చూసుకోండి.

– పెళ్లి గ్రూపు ఫొటోలోంచి ముఖం కత్తిరించి పెట్టొద్దు. పక్కవాళ్ల భుజం మిగిలిపోతుంది.

– వెలుతురే అసలు సంగతి. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడండి. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. సెల్ఫీ మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే చెల్లినో తమ్ముణ్నో కాస్త దూరం నుంచి, మీ కంటి ఎత్తులో తీయమనండి.

– ఫ్రేములో సగానికి పైగా ముఖమే ఉండాలి. కనీసం 400 × 400 పిక్సెళ్లు, 8 ఎంబీ లోపు. ఫొటో గుండ్రంగా కనిపిస్తుంది కాబట్టి తలపైన చోటు వదలండి.

– ఇస్త్రీ చొక్కా, చీర, ఏదైనా సరే. బ్యూటీ ఫిల్టరు మాత్రం వద్దు.

– ఫొటో అందరికీ కనిపించేలా సెట్టింగు మార్చండి. లేదంటే పరిచయం లేని రిక్రూటర్లకు కనిపించకపోవచ్చు.