యాంటీబయోటిక్ వాడేటప్పుడు ప్రోబయోటిక్ ఎలా వేసుకోవాలి?

ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బతికున్న క్రిములు. భీమవరం, ఆకివీడు వైపు ఆ మాట అనగానే ముందు గుర్తొచ్చేది రొయ్యల చెరువు. తవుడు, బెల్లం కలిపి డ్రమ్ములో పులియబెట్టి చెరువులో చల్లడం అక్కడి రైతులకు మామూలే. చెరువులో క్రిముల్ని చంపే శానిటైజర్ కొట్టిన రోజే ప్రోబయోటిక్ చల్లితే డబ్బు నీళ్లపాలని కూడా వాళ్లకు తెలుసు. మన పేగుల విషయంలోనూ సగం సంగతి ఇదే. (చెరువు కోసం తెచ్చిన ప్యాకెట్ మాత్రం మనుషులకు కాదు సుమా!)

ముందు, ఎందుకో తేల్చుకోండి

యాంటీబయోటిక్ చెడ్డ బాక్టీరియాతో పాటు పేగుల్లోని మంచివాటినీ చంపుతుంది. అందుకే కొందరికి కోర్సు మధ్యలో విరేచనాలు పట్టుకుంటాయి. వాటిని తగ్గించడానికి కొన్ని రకాల ప్రోబయోటిక్స్ పనికొస్తాయి. ఏ జబ్బూ లేనివాళ్లు "ఆరోగ్యానికి మంచిదట" అని నెలనెలా కొనుక్కుంటే ఒరిగేది పెద్దగా ఉండదు.

పెట్టె మీద రాసింది చదవండి

మెడికల్ షాపులో "ప్రోబయోటిక్ ఒకటివ్వండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. అన్నీ ఒకటి కాదు. ఉదాహరణకు, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అన్నట్టు పూర్తి పేరుందో లేదో చూడండి. చివరి "జీజీ" అసలు రకాన్ని చెబుతుంది, పరీక్షలు జరిగేది ఆ రకం మీదే. ఉత్త లాక్టోబాసిల్లస్ అని రాస్తే ఏమిచ్చారో తెలియదు. తర్వాత సీఎఫ్‌యూ, అంటే బతికున్న క్రిముల లెక్క. 5 బిలియన్ అంటే 500 కోట్లు. ఆ లెక్క తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ వరకూ ఉండేదా అన్నది ముఖ్యం. రెండోదే నమ్మదగ్గది.

గ్యాప్ ఇచ్చి వేసుకోండి

పొద్దున 8 గంటలకు యాంటీబయోటిక్ వేసుకుంటే ప్రోబయోటిక్ 10 దాటాకే. శాకరోమైసిస్ బౌలార్డీ అనే రకానికి ఈ టెన్షన్ లేదు. అది ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. బాక్టీరియాను చంపే మందు దాన్నేం చేయదు. 1920లలో ఒక ఫ్రెంచ్ శాస్త్రవేత్త లీచీ, మాంగోస్టీన్ పళ్ల నుంచి దాన్ని వేరుచేశాడు. ఫంగస్‌కి మాత్రలు వాడుతుంటే మాత్రం ఈ రకం దండగ.

పొడిని వేడి పాలల్లో, కాగే గంజిలో కలపకండి. ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉంటే ఫ్రిజ్‌లోనే ఉంచాలి. రోహిణి కార్తె ఎండల్లో వ్యాన్‌లో తిరిగొచ్చిన ఆన్‌లైన్ పార్శిల్ కంటే, అలాంటి సరుకును చల్లగా దాచే షాపు నయం.

కోర్సు అయ్యాక నెలల తరబడి సాగదీయకండి. 2018లో వచ్చిన ఒక ఇజ్రాయెల్ పరిశోధనలో, యాంటీబయోటిక్ తర్వాత ప్రోబయోటిక్ వాడినవాళ్ల సొంత బాక్టీరియా, ఏమీ వాడనివాళ్ల కంటే ఆలస్యంగా కోలుకుంది. చిన్న పరిశోధనే, కానీ పట్టించుకోదగ్గది.

మరి పెరుగు, తరవాణి?

గోదావరి జిల్లాల ఇళ్లలో తరవాణి కుండలో అన్నం, నీళ్లు పులుస్తూ ఉండేవి. అందులోనూ, గట్టి పెరుగులోనూ బతికున్న బాక్టీరియా ఉంటుంది. ఏ రకం, ఎంత అన్నది తెలియదు కాబట్టి మందుగా లెక్కేయలేం. రోజువారీ ఆరోగ్యానికైతే నా ఓటు గిన్నెడు పెరుగన్నానికే. మజ్జిగ పులుసు రుచిదే, కానీ మరిగాక అందులో బాక్టీరియా మిగలదు. పేగుల్లోని బాక్టీరియాకు మేత కూడా కావాలిగా! పప్పు, ఆకుకూరలు, కూర అరటికాయ తినండి.

వీళ్లు డాక్టర్‌ని అడగందే వేసుకోవద్దు

కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు, నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్లు. వీళ్లలో ఆ క్రిములే రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చే ప్రమాదముంది.

వరదల రోజుల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ముందు ఓఆర్ఎస్, జింక్. ప్రోబయోటిక్ ఆ తర్వాతి మాట. ఓఆర్ఎస్‌ని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. మలంలో రక్తం పడినా, పిల్లాడు మూత్రం పోయకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.