1949 గుళ్ళూ గోపురాల స్టాంపుల సెట్ 16కి 16 పూర్తి చెయ్యాలంటే

మా బరంపురంలో బట్టల వ్యాపారస్తుల పాత ఇళ్ళల్లో అటక ఎక్కితే ఒక ఇనప తీగ దొరుకుతుంది, వచ్చిన ఉత్తరం వచ్చినట్టు దానికి గుచ్చి వేలాడదీసేవారు. మా పెద్ద మావయ్య ఇంట్లో అలాంటి తీగ మీదే నాకు కోణార్క గుర్రం బొమ్మున్న 6 పైల స్టాంపు దొరికింది, అర్ధణా అన్నమాట, మా ఒడిశా గుర్రం కదా అని దాచుకున్నాను, తర్వాత తెల్సింది అది 16 స్టాంపుల సెట్‌లో ఒకటని. 1949 ఆగస్టు 15న వచ్చింది ఆ సెట్, నాసిక్‌లో అచ్చయింది.

ఏటేటి ఉంటాయంటే, 3 పైలది అజంతా, 6 గుర్రం, 9 ఎలిఫెంటా త్రిమూర్తి, 1 అణా బోధిసత్వుడు, 2 అణాలు నటరాజు, 3 సాంచీ తోరణం, 3½ బుద్ధగయ, 4 అణాలు మన భువనేశ్వర్ గుడి, 6 గోల్ గుంబజ్, 8 ఖజురహో, 12 స్వర్ణదేవాలయం, రూపాయిది చిత్తోడ్ విజయస్తంభం, 2 రూపాయలు ఎర్రకోట, 5 తాజ్, 10 కుతుబ్ మినార్, 15 రూపాయలది శత్రుంజయ గుడి. ముఖవిలువ అంతా కూడితే 35 రూపాయల 9 అణాలు, అందులో 33 రూపాయలు ఆ చివరి అయిదింటిదే, అందుకే కింద వాటికి తిరగడమే తప్ప పెద్ద ఖర్చుండదు, అసలు పనంతా పై వాటితోనే.

ముందు మీరు తేల్చుకోవాల్సింది 16 చాలా, 19 కావాలా అని. 1 అణా స్టాంపు మీద బోధిసత్వుడి బొమ్మ తిరగబడి అచ్చయిపోయింది, ఎడమ చెయ్యి చాచినట్టు కనపడుతుంది, 1950లో సరిచేసి కుడి చెయ్యి చాచినట్టు మళ్ళీ వేశారు. తర్వాత 1951లో బుద్ధగయ బొమ్మతోనే 2½ అణాలది కొత్తగా వచ్చింది, భువనేశ్వర్ గుడి 4 అణాలది ఎరుపు పోయి నీలంగా వచ్చింది. ఈ మూడూ కలిపితే 19. నన్నడిగితే 19 పెట్టుకోండి, ఆ మూడూ ఏం ఖరీదు కాదు, పైగా ఒకే గుడి రెండు రంగుల్లో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అందమే వేరు. ప్రతి స్టాంపుకీ ఒక నంబరిచ్చే స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగ్‌లో మొదటి 16 నంబర్లు 309 నించి 324, ఎవరితో మాట్లాడినా ఈ నంబర్లు చెప్తే గందరగోళం ఉండదు.

ఇంకోటి, ఇవే స్టాంపుల మీద హిందీలో కొరియా అనో లావోస్, కంబోజ్, వియత్నాం అనో అచ్చుంటే అవి అక్కడికెళ్ళిన మన దళాల కోసం వేసినవి, అది వేరే సెట్, ఇందులో కలపకండి.

తర్వాత, కొత్తవా వాడినవా. మన దగ్గర నేను వాడినవే అంటాను, గోపాలపూర్ సముద్రం గాలి ఇక్కడిదాకా కొడుతుంది, వానాకాలంలో గమ్ ఉన్న స్టాంపు ఆల్బమ్‌కి అతుక్కుపోయి పీకితే వెనక చర్మం ఊడినట్టు ఊడుతుంది. ఏదైనా సరే ఒకటే రకం పెట్టుకోండి, పదమూడు ముద్ర పడ్డవీ మూడు మెరిసే కొత్తవీ కలిపితే పేజీ చూడ్డానికి బాగోదు.

అణాల స్టాంపులు కొనకండి, ముందు ఇళ్ళల్లో అడగండి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం ఎక్కడైనా పాత వ్యాపారస్తులు, ప్లీడర్లు, బడి మేష్టార్ల ఇళ్ళల్లో ఉత్తరాల కట్టలుంటాయి, "పాత ఉత్తరాలున్నాయా పిన్నీ" అని అడిగి, చదవను, స్టాంపు వరకే చూస్తానని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. తీగకి గుచ్చినవైతే స్టాంపుకి చిల్లు పడిందేమో వెలుగుకి ఎత్తి చూడండి. ఊరి పేరు, తేదీ పూర్తిగా కనపడే ముద్ర ఉంటే మాత్రం కవర్ నించి అస్సలు తియ్యొద్దు, అలాగే ఉంచండి, విడి స్టాంపు ఎక్కడైనా దొరుకుతుంది కానీ ఆ కవర్ ఇంకోటి ఉండదు.

మిగతావి మామూలు చల్లనీళ్ళల్లో ఇరవై నిమిషాలు వదిలేస్తే వాటంతటవే ఊడతాయి, రంగు కవర్ ముక్కలు మాత్రం విడిగా నానబెట్టండి, లేకపోతే రంగు దిగి అన్నీ పాడవుతాయి. తెల్లగుడ్డ మీద బోర్లా ఆరబెట్టి లావు పుస్తకం కింద పెట్టండి, న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

ఇక 5, 10, 15 రూపాయలవి. ఇవి మామూలు ఉత్తరాల మీద ఎందుకుంటాయి, పార్సిళ్ళకీ టెలిగ్రాములకీ వాడేవారు, అందుకే చిల్లు పొడిచినవి, పెన్నుతో గీసినవి చాలా తిరుగుతుంటాయి. నేను శత్రుంజయది ఒకటి పోస్టులో తెప్పించుకున్నాను, కొత్తదన్నారు, ఫోటోలో ముందు వైపే చూపించారు, నేనూ ఆత్రంలో వెనక అడగలేదు. ఇంటికొచ్చాక స్టాంపు అంచు పళ్ళు వేలితో రాస్తే గట్టిగా గరుగ్గా తగిలాయి, అంటే వాడినదాన్ని కొత్తదని చూపించడానికి తర్వాత గమ్ రాసినప్పుడు పళ్ళ చివర్ల దాకా కారిందన్నమాట, అసలు గమ్‌కి అలా ఉండదు. దొంగనోట్లు చూసే నీలం లైటు కింద పెడితే కడిగేసిన పెన్ను గీత స్పష్టంగా కనపడింది. చాలా బాధేసింది, రెండు నెలలు దాచుకున్న డబ్బులవి.

కాబట్టి పెద్ద స్టాంపు ఏది కొన్నా వెనక ఫోటో, లైటుకి ఎదురుగా పట్టుకున్న ఫోటో రెండూ అడగండి, కాయితం ఎక్కడైనా పల్చబడితే ఆ చోట వెలుగు ఎక్కువ కనపడుతుంది, నాలుగు వైపులా పళ్ళు లెక్కబెట్టండి, వెనక్కి పంపొచ్చా అని డబ్బు కట్టకముందే రాయించుకోండి. ఇవ్వనంటే వదిలెయ్యండి. 15 రూపాయలది తొందరపడి ముందే కొనకండి, మిగతావన్నీ చేతుల్లోంచి దాటేసరికి మంచి కాయితం ఏదో, మంచి ముద్ర ఏదో మీ కంటికే తెలుస్తుంది. నేను రెండోసారి టెలిగ్రాఫ్ ముద్రున్నది, చిల్లు లేనిది తీసుకున్నాను, ముద్ర ఓ మూలకే పడింది, గుడి శిఖరం పూర్తిగా కనపడుతుంది.

దాచడానికి స్టాక్ బుక్, అంటే స్టాంపులు పట్టీల్లోకి దూర్చుకునే పుస్తకం, చాలు, పడుకోబెట్టకుండా బీరువాలో నిలబెట్టండి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. చేత్తో ముట్టుకోవద్దు, చిమటా, అదే చిన్న పట్టకారు, వాడండి. జులై నించి అక్టోబర్ దాకా ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం మాత్రమే తెరవండి, గోధుమ చుక్కలు కనపడ్డ స్టాంపుని ఆ రోజే వేరే కవర్‌లోకి మార్చెయ్యండి, పక్కదానికి పాకుతుంది.