ఉల్లి మొగ్గలో క్షయకరణ విభజన: క్రోమోజోముల చుట్టూ ఏం జరుగుతోందో ఇలా చూడండి

ఉల్లిలో 16 క్రోమోజోములు. పుప్పొడి తయారీలో క్రోమోజోముల సంఖ్యను సగం చేసే క్షయకరణ విభజనలో అవి 8 జంటలవుతాయి. మా డిగ్రీ ల్యాబ్‌లో పిల్లలు ఆ ఎనిమిదీ లెక్కపెట్టి స్లైడ్ తీసేస్తారు. తీసేయకండి, చుట్టూ ఉన్న మైటోకాండ్రియాను, అంటే కణానికి శక్తినిచ్చే చిన్న కణాంగాలను కూడా చూడండి. అయితే దానికి పద్ధతి మార్చాలి.

మూడు వంతుల ఆల్కహాల్‌కి ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన కార్నాయ్ ద్రావణంలో క్రోమోజోములు చక్కగా నిలుస్తాయి కానీ, మైటోకాండ్రియా పాడైపోతాయి. మొదటిసారి నేను ఆ ద్రావణంలో చచ్చిన మొగ్గలకే, మైటోకాండ్రియాకి పట్టే జేనస్ గ్రీన్ రంగు వేసి మధ్యాహ్నం దాకా వెతికాను. ఆ రంగు బతికున్న కణంలోనే పనిచేస్తుంది.

నవంబరులో కుండీలో నాలుగు ఉల్లిగడ్డలు పాతండి. పూకాడ వచ్చి, గుత్తి మీది పల్చటి పొర చిట్లుతున్నప్పుడు పొద్దున్నే మొగ్గలు కోయండి. ఒక్కో పువ్వులో ఆరు పరాగకోశాలు, అంటే పుప్పొడి తయారయ్యే తిత్తులు ఉంటాయి. పసుపు రంగుకి తిరిగినవి వద్దు, లేతగా పాలిపోయినట్టున్నవే కావాలి.

ఒకదాన్ని క్రోమోజోములకు ఎర్రరంగు పట్టించే అసిటోకార్మిన్ చుక్కలో ఇనుప సూదితో చిదపండి. ఇనుము తగిలితేనే రంగు బాగా ముదురుతుంది, అందుకే తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు సూది వాడొద్దు. విభజన ఏ దశలో ఉందో తేలిపోతుంది. మిగతా అయిదూ దాదాపు అదే దశలో ఉంటాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కిటుకు ఇదే.

ఇంకోదాన్ని పది శాతం పంచదార నీళ్లలో, లేత నీలం కనిపించేంత జేనస్ గ్రీన్ బి కలిపి, మెల్లగా విప్పండి. మామూలు నీళ్లయితే కణాలు ఉబ్బి పగలొచ్చు. కవర్ స్లిప్ నొక్కొద్దు. వెంటనే చూడండి, ఆక్సిజన్ తగ్గితే రంగు వెలిసిపోతుంది.

మొదటి మెటాఫేజ్‌లో, అంటే జంటలు కణం మధ్య వరుసకట్టే దశలో, కణం మధ్య తేటగా ఉంటుంది, అది క్రోమోజోములను లాగే కండె తంతువుల చోటు. నీలి చుక్కలు, అంటే మైటోకాండ్రియా, దాని చుట్టూ మూగుతాయి. తర్వాత మధ్యలో గోడ లేచి, చుక్కలు రెండు వాటాలవుతాయి. పరిశోధనల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో మాత్రం ఇప్పుడే గోడ రాదు. కణాంగాలే రెండు కేంద్రకాల మధ్య పట్టీలా చేరి, రెండో విభజన కండెల్ని విడిగా ఉంచుతాయి. జేసన్ అనే జన్యువు దెబ్బతిన్న మొక్కల్లో ఆ పట్టీ చెదిరిపోయి, రెట్టింపు క్రోమోజోములున్న పుప్పొడి తయారవుతుంది.

రికార్డులో బొమ్మ వేసేటప్పుడు ఆ తేట చోటు ఖాళీగా వదలండి. కణమంతా చుక్కలు చల్లిన బొమ్మకి నేను సంతకం పెట్టను.